జ్వరం రావాలి

ఫిబ్రవరి 3, హైదరాబాద్

ఇవాళ మా ఆయన రామ్‌దాస్‌కు కణాలు ఎక్కించారు. ఎవరివో కావు, ఆయనవే. పోయిన నెల రక్తంలోంచి తీసి, ముంబై ల్యాబ్‌కు పంపి, లింఫోమా క్యాన్సర్‌ను గుర్తుపట్టి చంపేలా మార్చి తెచ్చారు. ఇంత చేసి ఒక చిన్న సంచి. అరగంటలో అయిపోయింది. కణాలను గడ్డకట్టించి దాచే మందుదట, గదంతా ఉడికిన మక్కకంకుల వాసన. ఎవరు మక్కలు ఉడకవెడ్తున్నరే అని ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కీమో రెండుసార్లు ఫెయిలైంది. ఇదీ కాకపోతే ఏంటని డాక్టర్‌ని అడగలేదు. అడిగే ఓపిక లేదు.

ఫిబ్రవరి 4

ఆస్పత్రి పక్కనే లాడ్జి రూము. రోజూ పొద్దున చెకప్. జ్వరం రావచ్చు, వస్తే చాలామందిలో కణాలు పని మొదలుపెట్టినట్టే, కానీ ముదిరితే ప్రాణం మీదికొస్తుంది, ఒళ్లు వెచ్చబడగానే పరుగెత్తి రండి, సొంతంగా ఏ గోలీ వేయొద్దు అన్నాడు డాక్టర్. కొందరికి జ్వరం రాకుండానే నయమవుతుందట. ఆ ముక్క నా చెవికెక్కలేదు. నాకు జ్వరం కావాలి.

సాయంత్రం రుద్రూర్ నుంచి అత్తమ్మ ఫోన్. జరం గిట్ల రాలేగద బిడ్డా అని. రాలేదన్నాను. మంచిగైంది అంది. మొగుడికి జ్వరం రావాలని కూర్చున్నానని ఏ నోటితో చెప్పను!

ఫిబ్రవరి 6

రాలేదు. థర్మామీటర్ చూసి చూసి విసుగొచ్చింది.

ఫిబ్రవరి 7

అత్తమ్మ వచ్చింది. ఆమెకూ నాకూ పడదు. ఇవాళ మాత్రం చూడగానే ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం ఆమెను ఆయన దగ్గర కూర్చోబెట్టి పడుకున్నాను. చచ్చినట్టు నిద్ర. పిల్లలు కంఠేశ్వర్‌లో మా అక్క దగ్గరున్నారు. వాళ్లకు ఫోన్ చేయడం కూడా మర్చిపోయాను.

ఫిబ్రవరి 9

చెకప్‌లో జ్వరం లేదు. ఆయన సగం అన్నం వదిలేస్తున్నాడు, అడిగిందానికి బదులివ్వడు. ఊళ్లో చెరుకు కొట్టుడు నడుస్తోంది, మనసు అక్కడుందేమో.

ఫిబ్రవరి 10, సాయంత్రం

మధ్యాహ్నం లేచి చూస్తే ఆయన బనీను చెమటకు తడిసి ముద్దై ఉంది. ఏంటిది అంటే, అవ్వ జరం గోలి ఏసింది, నిన్న గూడ ఏసింది అన్నాడు. అత్తమ్మ కొంగుముడిలో ఊరి డాక్టర్ ఇచ్చిన గోలీలు! జరమున్నదంటే కీమోప్పటి లెక్క మల్ల అద్దాల రూముల పండవెడ్తరు, నా కొడుకును నన్ను సూడనియ్యరు అని ఏడ్చింది. నువ్వు తల్లివేనా, కొడుకును చంపుకుంటావా అని లాడ్జి అంతా వినపడేలా అరిచాను. ఆటోలో ఆయన తల నా భుజం మీద వాలిపోయింది.

గోలీ దిగాక జ్వరం ఒక్కసారిగా ఎగిసి, బీపీ పడిపోయిందట. ఐసీయూలో వేశారు.

ఫిబ్రవరి 11

కణాల జోరు తగ్గించే ఇంజెక్షన్ ఇచ్చారు. ఇప్పుడే ఏమీ చెప్పలేమన్నారు. అత్తమ్మ ఐసీయూ ముందు నేల మీదే కూర్చుంది. ఆమె తినలేదు. నేను తిన్నాను.

ఫిబ్రవరి 12

జ్వరం కొంచెం తగ్గిందని నర్స్ చెప్పి పోయింది. అత్తమ్మ మెల్లగా నా పక్కకు జరిగింది. పోచమ్మకు మొక్కుదామంటె బయమైతుంది బిడ్డా, జరం పోవాలని మొక్కాల్నా, ఉండాలని మొక్కాల్నా, నువ్వే చెప్పు అంది.

నాకూ తెలవదన్నాను. ఏమీ అడగకుండానే ఇద్దరం దండం పెట్టాం.