సమురాయ్ గుర్రం చుట్టూ బెజ్జాలు

పెడన బావగారికి,

బల్లమీద యుద్ధాలాడే నా బొమ్మ సైనికులకు చూసి రంగులేయడానికి కొనుక్కున్న తొలినాటి జపాను సమురాయ్‌ల బొమ్మల పుస్తకం మీ దగ్గర్నుంచి తిరిగొచ్చింది, సంతోషం. గుర్రమెక్కి బాణమేసే వీరుడి చుట్టూ మాత్రం వరసగా సూది బెజ్జాలున్నాయండీ. చెదలైతే తోక దాకా ఇంత శ్రద్ధగా తినవు. (ఆ వీరులకి కత్తికన్నా విల్లంటేనే నమ్మకమట, అది వేరే సంగతి.) చీరలమీద అద్దే అచ్చు చెక్కడానికి మీరు బొమ్మను సూదితో పొడిచి, చెక్కమీద బొగ్గుపొడి అద్దుతారని నాకు తెలుసు. మొన్న మీ చెల్లెలు పుట్టింటినుంచి కట్టుకొచ్చిన కలంకారీ చీర అంచున అదే గుర్రం పరుగెడుతోంది. అడిగితే, "గుర్రాలన్నీ ఒకలాగే ఉంటాయి లెండి" అంది. కాబట్టి మీరడిగిన రెండో పుస్తకం పంపనుగాక పంపను.

ఇది రాస్తుండగానే ఆవిడ ఆ రెండో పుస్తకాన్నే సంచిలో సర్దుతోంది, రేపు పెడన వస్తుందట. నిజం చెప్పండి, ఈసారి ఏ రంగు చీరకు ఒప్పుకుంది?

ఇట్లు,
గుడివాడ బావ