పెళ్ళికూతురి గోళ్ళు తీసే కత్తి

అక్కా,

ఈ ఉదయం పీలమేడు ఇంట్లో గోళ్ళు తీయడానికి మన చెల్లిని పీట మీద కూర్చోబెట్టారు. నీ పెళ్ళికి చేసినట్టే ముందు ముత్తైదువలకు తీసి, అదే కత్తితో చివరికి పెళ్ళికూతురికి. మధ్యలో కడిగితే వాళ్ళ సౌభాగ్యం నీళ్ళలో పోతుందట. మొదటి కాలు మళ్ళీ పెద్దత్తదే. బొటనవేలి గోరు పక్కన ఈసారీ చీము.

మంగలి అవ్వ చేతిలోంచి కత్తి లాక్కున్నాను. నేను మదరాసు నుంచి తెచ్చిన కొత్త కత్తి పొయ్యి మీద నీళ్ళలో మరుగుతోందనీ, అది చెల్లికి మాత్రమేననీ చెప్పాను.

“పోడీ! శుభాన్ని కడిగేయమని కాలేజీలో దొరసాని నేర్పిందా?” అంది అత్త.

“మా అక్క కాలు నేర్పింది.”

“అది దాని తలరాత.”

“తలరాతా? నీ పుండు మీద ఆడిన కత్తే దాని వేలు కోసింది. వారం తిరక్కుండా జ్వరంతో పోయింది. మళ్ళీ నీ కాలే ముందా, అత్తా?”

అత్త ఏడుస్తూ లేచి వెళ్ళిపోయింది. చెల్లి గోళ్ళు కొత్త కత్తితోనే తీశారు.

నాకు అత్త మీద జాలి కలగలేదు. నీకైతే కలిగేది. వాచిన వేలిని చీర అంచు కింద దాచుకుని, పెళ్ళిపీటల మీది నుంచి లేచి, నువ్వు ముందు మొక్కింది ఆ కాళ్ళకే.