గీత దాకా నీళ్లు

జూలై 8, మంగళవారం

ప్రియ కూతురికి న్యుమోనియా మొదలైందట. ఐదు నెలల పిల్ల. పీహెచ్‌సీ డాక్టరు మందు పౌడరు సీసా ఇచ్చారు. నీళ్లు కలిపి ఐదు రోజులు పట్టాలి. ఎలా పట్టాలో చూపించడం ఆశా వర్కర్‌గా నా పని. తల ఎత్తి పట్టుకుని, సూది లేని సిరంజిని బుగ్గ లోపలికి పెట్టి, కొంచెం కొంచెంగా వదలాలి. నాలిక మీద పోస్తే ఉమ్మేస్తుంది. ముక్కు మూస్తే పొలమారుతుంది. పన్నెండేళ్లుగా చేస్తున్నాను, ఇందులో నాకు రానిది లేదు.

ప్రియ కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీకి వెళ్తుంది కాబట్టి మందు పట్టేది అత్తగారు దోర్కాస్ పిన్ని. నాకు మీటింగుకు టైమైపోయింది. సీసా మీద గీత దాకా నీళ్లు పోసి కలపమన్నాను. బోరు నీళ్లు మాత్రం వద్దని రెండుసార్లు చెప్పాను.

జూలై 9

ఫోన్ చేశాను. పిల్ల చప్పరించుకుని మరీ తాగుతోందట. నా పద్ధతంటే అదే మరి.

జూలై 10, ఉదయం 10

జ్వరం తగ్గలేదు, పైగా మోషన్లు అని ప్రియ ఫోన్. వెళ్లి సీసా మూత తీస్తే బుస్సుమంది. పులిసిన వాసన. ఏ నీళ్లు పోశారని అడిగాను. పిన్ని గర్వంగానే చెప్పింది. బోరు నీరు వద్దన్నావు గదా, మీ బాబాయి ఆ నీరు తాగే కిడ్నీలు పోయి సచ్చిపోనాడు, ఈ ఊర్లో బొండాం నీరు కంటే సుద్దమైన నీరేటుందమ్మా అని. మనిషిని చెట్టెక్కించి లేత బొండాం దింపించిందట.

కోపం నషాళానికంటింది. తిట్టేద్దామని నోరు తెరిచాక నేనన్న మాటే గుర్తొచ్చింది. ఏ నీళ్లు వద్దో చెప్పాను, ఏవి కావాలో చెప్పలేదు. కాచి చల్లార్చినవి అనే ముక్క నా నోట రానేలేదు. పిల్ల డొక్కలు ఎగరేస్తోంది. ఆటోలో పలాస ఆసుపత్రికి తీసుకెళ్లాం.

జూలై 11

జ్వరం 102. ఆక్సిజన్ పెట్టారు. భయంగా ఉంది.

జూలై 13, ఆదివారం

జ్వరం దిగింది. పాలు తాగింది. మందు కలిపిందెవరని నర్సు అడిగితే పిన్ని తలదించుకుంది. సగమే చెప్పి వచ్చింది నేనని చెప్పేశాను. నా మీద రిపోర్టు రాసుకుంటే రాసుకోనీ. నాకు పని వచ్చు, తప్పు ఒప్పుకోవడమూ వచ్చు.

జూలై 15

డిశ్చార్జి. కొత్త సీసా, ఇంకో మూడు రోజులు పట్టాలి. ఈసారి నీళ్లు నేనే కాచి, చల్లారేదాకా అక్కడే కూర్చున్నాను. కలిపి, నురగ దిగాక మళ్లీ గీత చూశాను. సిరంజి అందిస్తే పిన్ని చేతులు వెనక్కి పెట్టుకుంది. నా సేత్తో ఇంక పట్టనమ్మా, మావోడికున్నది ఒక్కతే పిల్ల అంది.

రేపటి నుంచి ప్రియ ఫ్యాక్టరీకి పోవాలి. పిన్ని పట్టకపోతే పిల్లకు మందు లేదు. ఈ పూటకి నేను పట్టేసి వెళ్లిపోవచ్చు, ఎంతసేపు? రేపు పొద్దున ఎవరు పడతారు? సిరంజి ఆమె చేతిలో పెట్టి, పైన నా చెయ్యి వేసి పట్టించాను. రేపు నువ్వొక్కదానివే పట్టగలవన్నాను. పిన్ని సిరంజి కడగడానికి లేచిపోయింది. అయినా నాకు నమ్మకమే.

జూలై 16, ఉదయం 7:05

పిన్ని ఫోన్. మందు పడుతూ దాన్ని పిల్ల నోటి దగ్గర పెట్టినట్టుంది. ఒక గుటక. కాసేపాగి, ఇంకోటి.