మూడో కోత

గుంటూరు,
మార్చి 12

వార్డు ఇన్‌ఛార్జి మేడమ్ గారికి,

మీకు చెప్పకుండా డాక్టరు గారికి ఫోన్ చేసినందుకు సంజాయిషీ రాయమన్నారు. జరిగింది రాస్తున్నాను.

ట్రాక్టరు మీద నుంచి పడి తలకు దెబ్బ తగిలిన యలమందయ్య గారిని గంటగంటకూ పరీక్షించాలి. కళ్ళలోకి టార్చి వేసి, మా చేతులు గట్టిగా పట్టుకోమని చెప్పి, తర్వాత ప్రశ్నలు అడుగుతాం. పది గంటలకు, "ఇది ఏ నెల తాతా?" అన్నాను.

"నెలలెవరికి గుర్తుంటయ్యమ్మాయ్? మిరపకి మూడో కోత నడుస్తంది" అన్నారు.

మాదీ మిరప వేసే ఇల్లే. మార్చిలో మూడో కోతే. అందుకని షీటులో "కోతల లెక్కన చెప్పారు, సరైనదే" అని రాశాను. ఆయన అన్న మాట మాత్రం రాయలేదు. పదకొండుకు చూసిన సిస్టర్ కూడా కోత అన్న మాట విని, నేను రాసిన దాని కింద అదే రాశారు.

పన్నెండుకు నేను అడిగితే, "తొలికోతకి కూలోళ్ళని పిలవాల, లేపమ్మాయ్ నన్ను" అన్నారు. కళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. ఆయన భార్య రాఘవమ్మ గారు నవ్వి, "ఇందాక ఆ సిస్టరమ్మతో రెండో కోతన్నాడు, ఇప్పుడు తొలికోతకొచ్చాడు" అన్నారు. నాకు నవ్వు రాలేదు. మీరు మీటింగులో ఉన్నారు. ఫోన్ చేశాను.

స్కానింగులో తలలో రక్తం గడ్డ పెరిగిందని తేలింది. ఇప్పుడు ఆపరేషన్ జరుగుతోంది. పదింటికే "మూడో కోత" అని ఆయన మాట రాసి ఉంటే, పదకొండుకే తేడా తెలిసేది. ఫోన్ చేయడం తప్పయితే ఒప్పుకుంటాను. నన్ను భయపెడుతున్నది ఆ గంట.

ఆయన బయటికొచ్చాక మొదటి ప్రశ్న నన్నే అడగనివ్వండి మేడమ్. ఆయన ఏమంటే అదే రాస్తాను.

మీ వార్డులోని రెండో ఏడాది నర్సింగ్ విద్యార్థిని