క్యాజువాలిటీలో మెత్తటి మాట

1 జులై 1996, సోమవారం
నారాయణగూడలోని మా నర్సింగ్‌హోమ్‌కు వచ్చిన రోగులు సగం మంది గుమ్మం నుంచే వెనక్కి పోతున్నారు. ఇలాగే సాగితే నెలాఖరుకు క్యాజువాలిటీ మూసేస్తానన్నారు డాక్టర్ బాలత్రిపురసుందరి గారు. మూస్తే కౌంటర్ గుమాస్తాను నేనూ, ఆయా బుగ్గమ్మా ఇంటికే.
కారణం నాకు తెలుసు. ఇక్కడ తిట్టు మెట్లు దిగుతుంది. డాక్టరమ్మ నన్ను, నేను బుగ్గమ్మను, బుగ్గమ్మ రోగిని.
రేపటి నుంచి తిట్టు నా దగ్గరే ఆగాలి. అందరితో మెత్తగా మాట్లాడాలి. ఎంత సులువు!

2 జులై
ఉదయమే డాక్టరమ్మ: "బుచ్చిబాబూ, బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా?" మింగేశాను.
బుగ్గమ్మతో, "కాస్త నేల తుడుస్తారా అమ్మా?" అన్నాను. ఆమె గుడ్డ కింద పడేసింది.
"నన్ను పనిలకెల్లి తీసేస్తున్రా సార్? సీదా చెప్పుండ్రి!"
సాయంత్రం దాకా ఏడ్చింది. నేల నేనే తుడిచాను. అయినా మంచి ఆరంభమే!

4 జులై
కడుపునొప్పితో వచ్చిన చిక్కడపల్లి పెద్దాయనతో, "కూర్చోండి, కంగారేమీ లేదు" అన్నాను. ఆయన భార్యను దగ్గరకు పిలిచి బీరువా తాళాలెక్కడున్నాయో చెప్పాడు. తర్వాత ఇద్దరూ ఆటో ఎక్కి వేరే ఆసుపత్రికి వెళ్ళిపోయారు.
బుగ్గమ్మ తల కొట్టుకుంది. "మన దవాఖానల మెత్తగ మాట్లాడేది ఎప్పుడు సార్? మనిషి పోతున్నప్పుడే గద! గల్లీల అందరికి ఎరుకే."
నేటి జమ: ఒక మెత్తటి మాట. ఖర్చు: ఒక రోగి. అలవాటు పడతారులే.

5 జులై
ఒక్కసారి అరిచాను. ఫోన్‌లో. ఫోన్ లెక్కలోకి రాదు.

6 జులై
అశోక్‌నగర్‌లో కడుతున్న మేడ మీంచి పడ్డ మేస్త్రీ దాసయ్యను తెచ్చారు. కాలు విరిగింది. అతని భార్య ఆశమ్మతో, "ధైర్యంగా ఉండండమ్మా" అన్నాను.
"అయ్యో, గింత మెల్లగ చెప్తుండు! ఇగ నా మొగడు దక్కడు!"
దాసయ్య కూడా నమ్మేసి ఏడుపు అందుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళు స్ట్రెచర్ ఎత్తి గేటు వైపు పరుగు! కాలు వేలాడుతోంది!
ఇక ఆగలేకపోయాను. "ఏయ్! దించండి! బుద్ధుందా? విరిగింది కాలు, ప్రాణం కాదు! ఏడుపాపి అక్కడ కూర్చో!"
ఆశమ్మ వెంటనే కళ్ళు తుడుచుకుంది. "గట్ల చెప్పుండ్రి సారూ. పానం నిమ్మళమైంది."
దాసయ్య నవ్వుతూ కట్టు వేయించుకున్నాడు.

10 జులై
క్యాజువాలిటీ కిటకిట! "గా గుమాస్త సారు మంచిగ తిడ్తడు, ఏం ఫికర్ లేదు" అని ఆశమ్మ బస్తీ అంతా చాటిందట. ఒకాయన కట్టు వేయించుకున్నాక కూడా కదలడు. "నన్నేం అనకపోతిరి. జర గట్టిగ చెప్పుండ్రి, దైర్నంగ పోత."
తిట్టాను. గొంతు బొంగురుపోయింది.
సాయంత్రం డాక్టరమ్మ గదిలోకి పిలిచారు. ఎంతో మెల్లగా, "బుచ్చిబాబు గారూ, కూర్చోండి. క్యాజువాలిటీ మూయడం లేదు" అన్నారు.
అంత మెత్తగా మాట్లాడేసరికి రెండో మాట నా బుర్రకెక్కనేలేదు. తిన్నగా నర్సు దగ్గరకెళ్ళి బీపీ చూపించుకున్నాను.

11 జులై
బీపీ బాగానే ఉంది.
రేపటి నుంచి మళ్ళీ మెత్తగా! ఈసారి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళతో మొదలు. ముందు బుగ్గమ్మకు ఉద్యోగం భద్రమని గట్టిగా అరిచి చెప్పాలి. ఆ తర్వాతే చాయ్ తాగుతారా అని అడగాలి.