సంతకం పెట్టాక మారిన ఫైలు

వినీలా,

మీ చిన్నాయన క్రిస్టోఫర్ నన్ను రెండోసారి మోసం చేశాడు. చనిపోయిన మీ అమ్మ రికార్డింగుల్లో గరగర తీసేస్తుందని పెన్‌డ్రైవ్‌లో అతనిచ్చిన సాఫ్ట్‌వేర్ తెరవకు. ఈ కంప్యూటర్‌లో తప్ప ఆమె గొంతు మనకు ఇంకెక్కడా లేదు.

"నాయినా, కంపెనీ ఫైలు మీద పెట్టే డిజిటల్ సంతకం సూడకుంట ఏదీ నొక్కకు. పెట్టినంక ఫైలు లోపల ఒక్క అక్షరం మార్చినా గా సంతకం చెల్లనంటది" అని నువ్వన్నావు. "సంతకాల సంగతి నాకే సెప్తవా?" అని కసిరాను. అయినా పొద్దున నువ్వు నేర్పినట్టే ఫైలు మీద కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్స్ చూశాను. కంపెనీ పేరు సరిగానే ఉంది. ఇక తెరుద్దామనుకున్నాను. ఎందుకో డిటైల్స్ కూడా నొక్కితే, ఆ సంతకం చెల్లదని వచ్చింది.

శివ్వంపేట పొలం కాగితంలో నేను సంతకం పెట్టాక క్రిస్టోఫర్ ఒక వరుస ఇరికించాడు. నా సంతకం కిమ్మనలేదు. ఈ సంతకానికి మాత్రం ఏ మాటకు తనను పెట్టారో అంతా గుర్తుంది. ఇలాంటిది లోకంలో ఉందని నాకు అరవై ఎనిమిదేళ్లకు తెలిసింది.

ఆ సాఫ్ట్‌వేర్‌ను కంపెనీ సైటు నుంచే మళ్లీ డౌన్‌లోడ్ చెయ్యి. పేరు చూడు, డిటైల్స్‌లో సరే అని వస్తేనే తెరువు. నేను హవేలిఘనపూర్ వెళ్తున్నాను, తిరిగి వచ్చాక అమ్మ గొంతు వినిపించు.

క్రిస్టోఫర్ తెలియక ఇచ్చాడంటావు. కావచ్చు. పెన్‌డ్రైవ్ అతనికి పంపించేయ్. అతని గురించి, ఆ పొలం గురించి ఇక నేను నోరెత్తను. నువ్వూ అడగకు.