నడుముమీద చోటు

పాండిచ్చేరి,
1983 అక్టోబరు 9

నా కోపానికీ ప్రేమకీ ఒక్కదానివే దిక్కైన అమ్మకు, నీ లోగనాయకి రాసేది.

చిన్నమ్మా, ఇది అమ్మకు వినిపించేటప్పుడు తిట్లు వదలకుండా చదువు.

అమ్మా, నువ్వు యానాం వెళ్ళిపోయి ఐదు నెలలైంది. ఆస్పత్రి వరండాలో నేను అరవడం తప్పే. అన్న మాట మాత్రం అబద్ధం కాదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. "పసిబిడ్డప్పుడు కాళ్ళు చాపి బిగించి కట్టారా?" అని డాక్టరమ్మ అడిగితే, నువ్వు గర్వంగా, "కట్టకుంటే కాళ్ళు వంకర పోవా? మూడు నెలలు పాతచీరతో కట్టినా" అన్నావు. తుంటి వదులుగా ఉన్న బిడ్డకు అదే కీడని ఆవిడ చెప్పేసరికి నాకు ఒళ్ళు మండింది. "నన్ను కుంటిదాన్ని చేసింది నువ్వే" అన్నాను, అందరి ముందూ. మర్నాడే బస్సెక్కేశావు.

మంచిమాట వినకుండానే పోయావు. నా మూడో ఏట చేసిన ఆపరేషన్ ఇరవై రెండేళ్ళు నిలిచిందట. నిరుటి ఎక్స్‌రేలో ఎముక తన గిన్నెలో సరిగ్గానే కూర్చుంది. అంచు కొంచెం అరిగింది, కాలు అరంగుళం పొట్టి. మిల్లులో పొద్దంతా నిలబడితే సాయంత్రానికి నొప్పి. అంతే. బిడ్డను కనగలను. వచ్చే నెలే కాన్పు. రా.

కోపం తగ్గని,
లోగు


పాండిచ్చేరి,
1984 మార్చి 18

నా పంతాన్ని కన్న అమ్మకు,

"ఈ చేతులతో ఆ బిడ్డను తాకను" అన్నావని చిన్నమ్మ కార్డు రాసింది. కాన్పుకూ రాలేదు. నేనూ మొండికేసి నాలుగు నెలలు రాయలేదు.

ఆడపిల్ల. పుట్టిన రెండోరోజే డాక్టరమ్మ కాళ్ళు మడిచి చూసి, ఎడమ తుంటి వదులుగా ఉందంది. "నేను కట్టలేదే!" అని అరిచాను. "కడితేనే వస్తుందని ఎవరన్నారు? కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. కడితే ముదురుతుంది. ఆ రోజుల్లో మీ అమ్మకు ఎవరు చెప్పారు?" అంది. నీమీద వేసిన నింద వెనక్కి తీసుకుంటున్నాను, అందరి ముందూ అన్నాను కాబట్టి చిన్నమ్మ గట్టిగా చదవాలి.

పాపకు కాళ్ళు ఎడంగా ఉండేట్టు మెత్తని పట్టీ వేశారు. కత్తి అక్కర్లేకపోయింది. పోయిన వారం పట్టీ విప్పేశారు, తుంటి కుదిరింది. ఇక నడుముమీద, కాళ్ళు చెరోపక్క వేసి ఎత్తుకోమన్నారు.

ఆపరేషన్ తర్వాత కాళ్ళు ఎడంగా పెట్టి వేసిన సిమెంటుకట్టుతో ఉన్న నన్ను నువ్వు ఆరు నెలలు అలాగే కదా మోశావు! విల్లియనూరు బస్సులో కండక్టరు, "ఇంత వెడల్పు పిల్లకు రెండు టిక్కెట్లు" అంటే, "నీ సీట్లో యాడ కూర్చుందిరా? నా నడుమ్మీద ఉండాది. నువ్వే నాకు బాడిగియ్యి" అన్నావట. నువ్వే వందసార్లు చెప్పి నవ్వావు.

పాపను ఎత్తుకుంటే పది నిమిషాలకే నా తుంటి లాగేస్తోంది. పాపకు డాక్టరమ్మ చెప్పిన మందు నా దగ్గర లేదు, యానాంలో ఉంది. పాతచీరలన్నీ అక్కడే పారేసి, నీ నడుము ఒక్కటీ తెచ్చుకో.

నువ్వు మోసిన బరువు,
లోగు